ఇరవై రెండు కిలోల సంచి

సభకి పెద్దగా కూర్చున్న మేయరమ్మగారికి, ముందు వరస పెద్దలకి, వెనక వరసలో కునుకు తీస్తున్న ఆఫీసు తమ్ముళ్ళకి దండాలు. నేను బట్టలు కుట్టేదాన్ని, బడి మూడో తరగతితో ఆపేశాను, రాసుకొచ్చిందే చదువుతాను, తప్పులుంటే కుట్లు విప్పి మీరే సరిచేసుకోండి. (నవ్వులు)

ఇవాళ రిటైరవుతున్న మన రోడ్ల ఆఫీసరు అన్నయ్యకి నేనంటే హడల్. ఊరు పెరిగినప్పుడల్లా ఒక కాలనీ, దాని చుట్టూ గోడ, ఒకటే గేటు, లోపల వీధులన్నీ ఎక్కడికక్కడ ఆగిపోవడం, అలా అలా చివరికి నా మిషను దగ్గర కూర్చుంటే గోడ మీదుగా ఆసుపత్రి కిటికీలు కనిపిస్తాయి గానీ, వెళ్ళాలంటే మూడు కిలోమీటర్లు తిరగాలి. మా పాపకి ఊపిరందని రోజు, దాన్నెత్తుకుని ఆ మూడు కిలోమీటర్లూ తిరిగాను. తొమ్మిదేళ్ళది. దక్కలేదు. (ఆగి) ఉండండి, కళ్ళు తుడుచుకోకపోతే అక్షరాలు కనబడవు.

ఆ తర్వాత ప్రతి సోమవారం ఈయన ఆఫీసుకెళ్ళాను. "సారు లేరమ్మా" అనేవాడు గుమాస్తా. బీరువా వెనకనుంచి సారు బూట్లు కనబడుతూనే ఉండేవి. (నవ్వులు) వదినగారూ, మీరు నవ్వకండి, అవి కొన్నది మీరేనట.

ఒక సోమవారం సంచి కుట్టి, ఇసుక పోసి, ఆసుపత్రి చీటీలో ఉన్న ఇరవై రెండు కిలోలూ తూకం వేయించి, ఈయన బల్ల మీద పెట్టాను.

"ఏంటమ్మా ఇది?"

"మా పాప బరువు సార్. మా ఇంటినుంచి ఆసుపత్రిదాకా ఒక్కసారి ఎత్తుకుని నడవండి."

గెంటేస్తారనుకున్నాను. నడిచారు. రెండుసార్లు దారి తప్పి మూసుకుపోయిన వీధుల్లోకి వెళ్ళారు, తను సంతకం పెట్టిన వీధులే. (నవ్వులు) ఆసుపత్రి మెట్ల మీద కూలబడ్డాక, సంచి కింద పెట్టండి సార్ అంటే, పెట్టలేదు. ఆ రోజునుంచే ఈయన నాకు అన్నయ్య.

కాలనీవాళ్ళ చేత నానా మాటలూ పడి, ఆరు నెలల్లో ఆ గోడ తీయించి దారి వేశారు. ఇప్పుడు నాలుగు నిమిషాలు. పనేమీ లేకపోయినా రోజూ నడుస్తాను.

అన్నయ్యా, ఊరవతల ఒకటే గేటున్న కాలనీలో ఇల్లు కట్టుకున్నారటగా. (పెద్దగా నవ్వులు) సరే, ఆ సంగతి మీ ఇంటికొచ్చి మాట్లాడతాను.

సంచి మాత్రం మీకివ్వను. మీ కుర్చీలోకొచ్చే ఈ కొత్తమ్మాయికి కావాలి, ఊళ్ళో ఇంకా పదకొండు గోడలున్నాయి. అమ్మా, సోమవారం వస్తాను. బీరువా వెనక నువ్వు పట్టవు, చూసే వచ్చాను. (నవ్వులు)

కింద పెట్టకుండా మోసినందుకు దండం అన్నయ్యా. మీకు రిటైర్మెంటు, నాకింకా లేదు. సెలవు.