ఒకబ్బాయి పిన్ను

ఒహాయోలో తమ కాలేజీ కుర్రాళ్ళ సంఘమైన ఫ్రెటర్నిటీ పత్రికకి పాత మిత్రుల కబుర్లు పోగేసే ముసలి డ్వైట్‌కి ఓర్విల్ ఫోన్ చేశాడు.

"ఒరేయ్, ఈ నెల శుభవార్తల్లో వెయ్యరా. ఓర్విల్ లొరైన్‌కి ఫ్రెటర్నిటీ పిన్ను ఇచ్చాడని."

"నిశ్చితార్థం ఉంగరంలా ఆ పిన్నిచ్చి, పెళ్ళాడి, తాతవి కూడా అయ్యావు కదరా! మేమంతా ఆ పిల్ల హాస్టల్ కిటికీ కింద నిలబడి పాటలు పాడాం. మతి పోయిందా నీకు?"

"నాక్కాదురా. దానికి."

డ్వైట్ నవ్వు ఆగిపోయింది.

"నన్ను గుర్తుపట్టట్లేదురా. అచ్చులో చూస్తేనైనా నమ్ముతుందేమోనని."

"మళ్ళీ ఆ పిన్నే ఇచ్చి చూడకపోయావా?"

"పొద్దున్నే ఇచ్చా. వద్దంది."

"ఏమని?"

"'ఏమీ అనుకోకండి, నేనిదివరకే ఓర్విల్ అనే అబ్బాయి పిన్ను తీసుకున్నాను' అందిరా."