స్టవ్ ఫొటో తీయని రోజు

హలో… ఆ, నేనే. మీ వదిననే… ఏమైంది? గొంతు అలా ఉందేంటి?

…

ముందు ఎక్కడున్నావో చెప్పు. బస్టాపులోనేనా? … హమ్మయ్య. అక్కడే ఉండు. కదలకు.

వద్దు. వెనక్కి రావద్దు… వద్దంటే వద్దు. ఈ వారంలో ఇప్పటికే రెండుసార్లు సగం దారిలోంచి తిరిగొచ్చావ్. ఇంకొక్కసారి ఆలస్యమైతే ఇక రానే రావద్దని మీ కళ్ల ఆసుపత్రి మేనేజరు నీ మొహం మీదే అన్నాడా లేదా? … మరి? చీటీలిచ్చే కౌంటరు తాళాలు నీ బ్యాగులోనే ఉన్నాయిగా. అక్కడ చూపు సరిగ్గా ఆనని ముసలాళ్లంతా నీ కోసం కళ్లు కాయలు కాసేలా చూస్తుంటారే తల్లీ.

తెలుసు. పొద్దున స్టవ్ ఫొటో తీయలేదు. తెలుసు… మర్చిపోయి కాదుగా. నీ భయానికి వైద్యం చేస్తున్న డాక్టరమ్మ తీయొద్దంటే మానేశావ్.

ఎందుకంటే… మొదట్లో ఒక్క ఫొటోనే. స్టవ్ కట్టేశానని. తర్వాత సిలిండరు. తర్వాత ఇస్త్రీపెట్టె ప్లగ్గు. తర్వాత తలుపు తాళం. ఇప్పుడు నీ ఫోన్ తెరిస్తే అన్నీ స్టవ్‌లే, షాపువాడి ఫోన్‌లాగా. అందులో నీ కొడుకు ఫొటో వెతకలేక నా తల ప్రాణం తోకకొచ్చింది. అందుకే కదా ఆవిడ చెప్పింది… ఇంట్లో ఫొటోలు ఇక వద్దు, దారిలో కంటికి నచ్చిందేదో ఒకటి తీయి, కాసేపు దాన్నే చూడు అని.

… నాకేం చెప్పిందో కూడా గుర్తుంది. "కట్టేసే ఉందమ్మా" అని మీరు అనకండి అంది. అంటే ఆ పూటకి ఊరుకుంటుంది, రేపు మళ్లీ అడుగుతుంది అంది. అందుకే అనను. కాళ్లు పట్టుకున్నా అనను.

… ఏడవకు.

నేను మర్చిపోతానా? పోయినేడాది ఆ పొగలోంచి నీ కొడుకుని ఎత్తుకొచ్చింది ఈ చేతులే. వంటింట్లో కర్టెను మండుతోంది, వాడేమో పక్కగదిలో ఆదమరిచి నిద్ర… కానీ ఇవాళ వాడు బడిలో ఉన్నాడు. నువ్వే దింపావ్. ఇంట్లో ఎవరూ లేరు.

… ఎవరూ లేరు కాబట్టే భయమా! నీతో వేగడం నా వల్ల కాదే.

సరే, బస్సు వచ్చేలోపు ఒక ఫొటో తీయి… నచ్చేది ఏమీ లేదా? అంత పెద్ద రోడ్డులో? … బెంచీ మీద ఏంటి? … కుక్కా? మనిషిలా కూర్చుందా? తీయి, తీయి. నీకంటే ముందు అదే బస్సెక్కి పోతుందేమో.

ఉండు… వచ్చింది. ఇది కుక్కా? గోనెసంచి అనుకున్నాను. అంతా కదిలిపోయింది. చేతులు ఇంకా వణుకుతున్నాయా? … పర్లేదు. ఇంకోటి తీద్దువుగానీ. ముందు ఊపిరి పీల్చుకో.

… ఆయాసమా? నాకా? ఏం లేదు, బట్టలు ఆరేద్దామని మేడెక్కుతున్నా… నా సంగతి ఇప్పుడెందుకు?

మళ్లీ అదే మాట. కింద వాటాలో ఉన్నదాన్నే, మీ తాళంచెవి నా దగ్గరున్న మాటా నిజమే. అయినా చూసి చెప్పను. మీ అన్నయ్యతో సిఫారసు చేయించినా చెప్పను… రాయినా? సరే, రాయినే.

… ఆ చప్పుడా? గాజులు… గాజులే అంటున్నాగా.

బస్సు కనపడుతోందా? ఎక్కడ? … సిగ్నల్ దగ్గర ఆగిందా. మంచిది… రద్దీగా ఉందని వంకలు పెట్టకు.

… ఏంటి? కిర్రుమందా?

…

ఆ. మీ తలుపే.

అవునమ్మా, మీ ఇంటి తలుపే. కాస్త నూనె వేయమని మీ ఆయనకి ఎన్నిసార్లు చెప్పాను…

బట్టలూ లేవు, ఏమీ లేవు. నీకు ధైర్యం చెప్తూనే మెట్లెక్కేశాను. నా కాళ్లే నా మాట వినలేదు. నాకూ భయమేనే. నీకంటే ఎక్కువే భయం.

… లేదు, ఇంకా చూడలేదు. గుమ్మంలోనే ఉన్నా. తల తిప్పితే స్టవ్ కనపడుతుంది.

… అడగకు.

… వాసనా? అదీ చెప్పను. ముక్కు మూసుకున్నా.

విను. నువ్వు బస్సెక్కు, నేను తలుపేస్తా. నువ్వూ చూడవు, నేనూ చూడను. నువ్వు వెనక్కొస్తే మాత్రం నేనూ లోపలికెళ్తా. ఇక ఇద్దరం బతుకంతా ఈ స్టవ్‌కి కాపలా కాద్దాం. నీ ఉద్యోగం పోతుంది, నా మోకాళ్లు పోతాయి…

వచ్చిందా? … ఎక్కు. ఎక్కవే! … కండక్టరు అరుపులు నాకే వినపడుతున్నాయి. ఎక్కు తల్లీ, ఎక్కు…

…

హలో?

…

ఎక్కావా? … నిజంగా? … ఫొటో పెట్టు, అప్పుడు నమ్ముతా.

… ఆ, లాగేశాను. ఇదిగో కిర్రు. ఇదిగో తాళం… చూడలేదు, ఒట్టు. నీ కొడుకు మీద… వద్దులే, పసివాడు. మీ అన్నయ్య మీద ఒట్టు.

ఉండు, వచ్చింది… బస్సు కిటికీ… బెంచీ… నీ కుక్కే! ఇంకా అలాగే కూర్చుంది. ఒక చెవి వంగి ఉంది కదూ? … చెవి కూడా కనపడుతోందే. ఎక్కడా కదల్లేదు. చాలా బాగుంది. దీన్నే చూస్తూ కూర్చో, ఆసుపత్రి వచ్చేదాకా.

… నేనా? నేనేం ఫొటో… సరే సరే, నీకో న్యాయం నాకో న్యాయమా. ఇవిగో నా కాళ్లు. మెట్లు దిగుతున్న కాళ్లు. పంపాను.

… చూశావా? … ఎందుకా నవ్వు?

… కాళ్లు ఎక్కడున్నాయా?

… అంతా కదిలిపోయిందా.

…

నవ్వు, నవ్వు. ఎన్నాళ్లయిందో నువ్విలా నవ్వి… నేనా? నేను ఇక్కడే మెట్టు మీద కాసేపు కూర్చుంటా… ఏం లేదు, ఊరికే… ఆ బస్సు రొదలో నా మాట వినపడుతోందా? … హలో? … హలో…