డ్రమ్ము దాటిన దొంగపువ్వు

ఆగాగు, ఆ పార కింద పెట్టు తల్లీ! ఈ మొక్క దారిలోకి వచ్చింది నిజమే, కాదనను. కానీ పారతో పెట్టుకున్నావో, పెరడంతా ఇదే అవుతుంది. వాన వెలిశాక మట్టి మెత్తగా ఉంటుంది చూడు, అప్పుడు చేత్తో పట్టుకుని వేరు చివరిదాకా లాగాలి. నవ్వకు, దెబ్బ తిని చెబుతున్నా! దీన్ని మేం దొంగపువ్వు అనేవాళ్ళం. పైకి ఎంత అమాయకంగా ఉందో చూడు, లోపల వేరు పాక్కుంటూ పోయి ఎక్కడో మూరెడు దూరంలో తల ఎత్తుతుంది. ఏటా ఎండుతుంది, ఏటా లేస్తుంది. ఎవరు తెచ్చారా? ఇంకెవరు, మీ నానమ్మే! నాకు వదిన. నువ్వు చూడనేలేదు కదూ, ఇది తెచ్చేనాటికి మీ నాన్నకే ఆరేళ్ళు. బట్టల మిల్లులో పని ఆవిడకి. ఓ సాయంత్రం రైలు కట్ట మీద పెరిగిన ఈ మొక్కని పెకలించి టిఫిను డబ్బాలో పెట్టుకొచ్చింది. "మరిదీ, బంగారం తెచ్చా చూడు" అంది. నేను మిఠాయి అనుకుని చెయ్యి పెట్టా. మట్టి!

మీ తాతకేమో క్యాబేజీ మడంటే ప్రాణం. స్కేలు పెట్టి కొలిచి నాటేవాడు, ఒట్టు! కోపం ముక్కు మీదే ఉండేది. "నా మడిలో ఒక్క పిలక కనిపించిందో, మొత్తం పీకి పారేస్తా" అనేశాడు. మా వదినేమైనా తక్కువ తిందా? పాత రంగు డ్రమ్ము సంపాదించి, పైనా కిందా రేకు కోయించి, భూమిలో పాతించి, అందులో నాటింది. అంచు మాత్రం నాలుగు వేళ్ళు పైకి ఉంచింది, వేరు దాటకుండా. రోజూ మిల్లుకెళ్ళే ముందు ఆ అంచు చుట్టూ వేలు పెట్టి తడిమేది. పువ్వు వాడితే చాలు, గింజ పట్టకముందే తుంచేసేది. రెండేళ్ళు ఒక్కటంటే ఒక్క పిలక దాటలేదు!

మరి ఇంతలా ఎలా పాకిందంటావా? వస్తున్నా, అక్కడికే వస్తున్నా. ఆవిడకి కడుపులో గడ్డ, ఆపరేషనన్నారు. రెండు నెలలు ఆస్పత్రి. వెళ్తూ వెళ్తూ నాకు అప్పజెప్పింది, "నేనొచ్చేసరికి అది ఉండాలి మరిదీ. ఆయన పీకేశారో, నా మొహం చూడకు" అని. నాకు ఇరవై ఏళ్ళు, ఊరికే ఉంటానా? బలం కోసమని డ్రమ్ములో ఎరువు పోశా, అంచు దాకా, అంచు పైదాకా! దొంగకి నిచ్చెన వేసినట్టే అయింది. పది రోజులకి క్యాబేజీల మధ్య మూడు పిలకలు. పార తీసుకుని ఎడాపెడా నరికి, మట్టిలో కలిపేసి, చదును చేసి, చేతులు కడుక్కున్నా. ఆ వేరు ప్రతి ముక్కా మొక్కవుతుందని నాకెవడు చెప్పాడు! వాన పడింది. చూస్తుండగా మడంతా అదే. మీ తాత ఆస్పత్రికీ పనికీ తిరుగుతూ పెరటి వైపే రాలేదు, అదే నన్ను బతికించింది.

ఆవిణ్ణి ఇంటికి తెచ్చిన రోజు చూడాలి! పెరటి గేటు తీశారు, మడి నిండా పసుపు పూలే. అన్నయ్య ఆవిడ చెయ్యి వదిలేసి గోడవారనున్న పార అందుకున్నాడు. "ఎవడ్రా ఇది చేసింది?" ఇల్లదిరిపోయింది. నేను తల దించుకున్నా. వదిన సగమైపోయి ఉంది, నిలబడలేక గేటు పట్టుకుంది. నన్ను ఒక్క చూపు చూసింది, అర్థమైపోయింది ఆవిడకి. "నేనేనండీ, మరిదితో నాటించా. తిరిగొస్తానో రానో... రాకపోతే రోజూ మీ కంట పడుతూ ఉండాలని" అంది. అన్నయ్య పార పట్టుకుని మడిలోకి దిగాడు. నేను కళ్ళు మూసుకున్నా. తెరిచి చూద్దును కదా, క్యాబేజీలు పీకుతున్నాడమ్మా! ఆ కొలిచి నాటిన క్యాబేజీలు, ఒక్కొక్కటీ! పువ్వుకి చోటు చేస్తున్నాడు! వదిన నాకేసి చూసి కన్ను కొట్టింది.

రెండేళ్ళకి గడ్డ తిరగబెట్టింది, వదిన పోయింది. తర్వాత ముప్పై ఏళ్ళు మీ తాత వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు, "మా ఆవిడ నా కోసం నాటించి పెట్టింది" అని. "ఏరా, నువ్వేగా నాటింది?" అనేవాడు. "అవునన్నయ్యా" అనేవాణ్ణి. పోయే ముందు రోజు కూడా అడిగాడు. అవునన్నా. మీ నాన్న కూడా అదే నమ్ముతున్నాడు, నువ్వు మాత్రం వాడి దగ్గర ఈ మాట... ఎండ మొహమ్మీద పడుతోంది నీకు, ఇటు జరుగు.