తేలిక తూటాలు

"ఆగక్కా, స్ప్రింగు జోలికి అప్పుడే పోకు. ముందు ఆ ఖాళీ తూటా డొప్ప చూడు. మళ్ళీ అక్కడే ఇరుక్కుంది. సగం లోపల, సగం బయట."

"చూస్తూనే ఉన్నాను ఎలిసేయో, నా కళ్ళకేం కాలేదు. నువ్వు కాస్త ఆ స్టూలు మీద కూర్చుంటావా? అటూ ఇటూ తిరిగి నా వెలుతురంతా తినేస్తున్నావు."

కోర్దోబా జొన్నచేల నడుమ చిన్న ఊళ్ళో, తుపాకులు బాగుచేసే నెలిదా కొట్టు అది. మధ్యాహ్నం రెండు కావస్తోంది. బయట ట్రక్కులో ఎలిసేయో భార్య కసిల్దా ఎదురుచూస్తూ కూర్చుంది.

"కూర్చునే టైమేది? మూడింటికల్లా చేలో ఉండాలి. ఎనిమిదిమంది అతిథులు, అందరూ పావురాల వేటకి కొత్తే. వాళ్ళ ముందు తుపాకీ ఇలా దగ్గితే నా పరువేం కాను?"

"దెబ్బ తగ్గించే రింగు ఎక్కడ పెట్టావు?"

"స్ప్రింగు వెనక. తేలిక తూటాలకి అక్కడే కదా? నాకు నేర్పింది మీ నాన్నే."

"నూనె?"

"తుడిచాను. మళ్ళీ రాశాను. ఎక్కువైందేమోనని మళ్ళీ తుడిచాను."

"స్ప్రింగు పోయిన నెల నేనే మార్చాను. మరి బరువు తూటాలతో?"

"వాటితో ఒక్కటీ తప్పదు. వరసగా అయిదూ పోతాయి."

"అయితే అవే వాడుకోరాదూ?"

"లాడ్జివాళ్ళు కొనడం మానేశారక్కా. రోజుకి వెయ్యి కాలుస్తారు అతిథులు, సాయంత్రానికి భుజాలు కమిలిపోయి అన్నం ప్లేటు ఎత్తలేకపోతున్నారు. అందుకని ఈ ఏడు అన్నీ తేలికవే. వాటితోనే ఈ గోల. తూటాలే దొంగవి, చెబుతున్నాను. మందు తగ్గించి ఉంటారు."

"పద, పెరట్లో తేలుస్తాను. పెట్టె తీసుకురా. చెవులకి ఇవి పెట్టుకో. ఆ మట్టిగట్టు తప్ప ఇంకెటూ చూపించకు."

"నాకు చెబుతున్నావా?"

"అందరికీ చెబుతాను. ఇలా ఇవ్వు, ముందు నేను కాలుస్తాను. నువ్వు లెక్కపెట్టు."

"ఒకటి. పడింది. రెండు. పడింది. మూడు... నాలుగు..."

"అయిదు. అయిదు డొప్పలూ నీ కాళ్ళ దగ్గరే ఉన్నాయి. నీ పెట్టెలోవే, నువ్వు దొంగవన్న తూటాలే."

"నీ చెయ్యి మంచిదేమో."

"నా చెయ్యి మిషను నూనె చెయ్యి. ఇంద, నువ్వు కాల్చు. గట్టిగా ఆనించుకో."

"ఆనించాను."

"ఊఁ, కాల్చు."

"ఇరుక్కుంది. చూశావా? చూశావా మరి!"

"తీసేసి మళ్ళీ కాల్చు. ఇంకా గట్టిగా."

"ఇంతకంటే ఎలా... ఇరుక్కుంది. తుపాకీకి నేనంటే పడదు. అంతే."

"ఎలిసేయో, తూటాలు తీసి అది నాకివ్వు."

"ఇంకొక్కసారి..."

"ఇవ్వు. ఈ రెండుసార్లూ నేను తుపాకీని చూడలేదు, నిన్ను చూశాను. ఇది పాతరకం. పేలగానే గొట్టం మొత్తం వెనక్కి జారాలి. వెనకాల భుజం గోడలా నిలబడితేనే అది జారేది. బరువు తూటా ఎలాగోలా నెట్టుకుపోతుంది. తేలిక తూటాకి అంత బలం లేదు. నీ భుజమే వెనక్కి పోతుంటే గొట్టం ఎక్కడికి జారుతుందిరా?"

"రాత్రి నిద్ర లేదు. అదీ సంగతి."

"భుజం ఇటు తిప్పు."

"నాకు లేటవుతోందక్కా."

"తిప్పమన్నాను. ఇక్కడ కండ ఏది? ఎడమపక్క ఉంది. ఇటుపక్క చెయ్యి వేస్తే ఎముక తగులుతోంది. ఎప్పటినుంచి?"

"ఎప్పటినుంచేమిటి? వయసు."

"నలభై ఆరుకి వయసేమిట్రా! నీకంటే పదేళ్ళు పెద్దదాన్ని, నా భుజం నిలబడింది. ఎవరికైనా చూపించావా?"

"లాడ్జి పనని చెప్పి మార్చిలో సిటీకి వెళ్ళాను."

"వెళ్తే?"

"సూదులు గుచ్చారు. తీగలు పెట్టారు. డాక్టరు కుర్రాడే, పాపం, నా మొహం చూడలేక కాగితం చూస్తూ చెప్పాడు. కండలు ఎండిపోయే జబ్బట. భుజంతో మొదలైంది, భుజంతో ఆగదట."

"మందు?"

"ముదరడం నెమ్మది చేసేది ఉందట. తగ్గించేది లేదట."

"మార్చి నుంచి తెలిసీ, నా చేత స్ప్రింగు మార్పించావా?"

"ఏం చెయ్యను? తుపాకీదే తప్పని నువ్వైనా అంటావేమోనని వచ్చాను. నువ్వంటే నేను నమ్మేసేవాణ్ణి."

"లోపలికొచ్చి కూర్చో. ఆ మాతే టీ తాగు, చల్లారిపోతోంది. కసిల్దాకి చెప్పావా?"

"లేదు. తెలియకూడదు. నీకు దండం పెడతాను. అది ఇప్పుడు లోపలికొచ్చి అడుగుతుంది. స్ప్రింగని చెప్పు, రింగని చెప్పు, నీ ఇష్టం. ఈ వేసవి ఒక్కటీ దాన్ని నవ్వుతూ ఉండనివ్వు."

"అబద్ధమే చెప్పిస్తావన్నమాట. సరే. కానీ ఈ తుపాకీ మాత్రం ఇవాళ గడప దాటదు. భుజం నిలవనివాడు తూటాలున్న తుపాకీతో ఎనిమిదిమంది మధ్య నిలబడడానికి వీల్లేదు. తిట్టుకో, పడతాను."

"తుపాకీ లేని గైడునేం చేసుకుంటారు?"

"పావురాల గుంపు ఎటు తిరుగుతుందో ముందే పసిగట్టేవాడు ఈ చుట్టుపక్కల నువ్వు కాక ఇంకెవడున్నాడు? మీ లాడ్జి దొర కాదంటే నా దగ్గరికి రా. అదిగో, కసిల్దా. మొహం తుడుచుకో."

"ఏమండీ, అయిందా? ట్రక్కులో ఉడికిపోతున్నాను."

"అయినట్టే కసిల్దా. అక్క తుపాకీ ఇక్కడే ఉంచెయ్యమంటోంది. నేను వెళ్ళి ట్రక్కు తిప్పుతాను, నువ్వు వచ్చెయ్."

"ఊఁ, వెళ్ళండి. అక్కా, ఏమిటి లోపం?"

"స్ప్రింగు. అలిసిపోయింది."

"మొన్ననేగా కొత్తది వేశావు?"

"కొత్తవీ అలిసిపోతాయమ్మాయ్."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"చెప్పలేను."

"తొందరేం లేదు. ఆయన వచ్చి అడిగితే విడిభాగం దొరకలేదను. వారం తరవాత అడిగితే వేరేది వచ్చిందను. ఏదో ఒకటి చెబుతూనే ఉండు, చేతికి మాత్రం ఇవ్వకు."

"కసిల్దా, ఇటు నా వైపు చూసి మాట్లాడు."

"చూడను. ట్రక్కు అద్దంలోంచి ఆయన మనల్నే చూస్తున్నాడు. నువ్వు కాస్త నవ్వు మొహం పెట్టు. ఏప్రిల్ నుంచి ఆయన చొక్కాల కాజాలు ఒక్కొక్కటే వెడల్పుగా కోసి మళ్ళీ కుడుతున్నానక్కా. తాను గుండీ పెట్టుకోలేకపోతున్నానని ఆయనకి తెలియకూడదు. నాకు తెలుసని నువ్వు చెప్పకు."