చిమ్నీ ఫట్ గయా

"అమ్మమ్మా, రంగత్‌లో నేను తీసుకున్న అద్దింట్లో ఇటుకల పొయ్యి, దాని మీద పాత పొగ్గొట్టం ఉన్నాయి. వానల్లో గ్యాస్ రాకపోతే వెలిగించుకోవచ్చంటావా?"

వద్దమ్మా, వెలిగించకు. ముందిది చెప్పు. పొయ్యి వెనకాల గోడ మీద నల్లగా మరకేమైనా ఉందేటి? పొయ్యి ఊడిస్తే ఇటుక పొడి, సున్నం పెళ్ళలు చేతికొస్తన్నాయా? పొయ్యి వెలిగినప్పుడు అవతల గదిలో గోడ వెచ్చబడీదేమో ముందున్నోళ్ళని అడిగేవా? చూడలేదు కదా. నేనూ చూడలేదు... కాదు కాదు, చూసేను. చూసి కూడా ఇంకోటేదో అనుకున్నాను. కూచో, చెప్తాను.

అప్పుడు మేం జంగ్లీఘాట్‌లో మెట్ట మీద ఉండీవోళ్ళం. మీ అమ్మకి పెళ్ళైపోయింది, నువ్వింకా పుట్టలేదు. ఆ ఇల్లు కట్టినాయన రొట్టెలు కాల్చి అమ్మీవాడట, అందుకే వంటింట్లో అంత పెద్ద పొయ్యి, గోడలోంచి పైకి పొగ్గొట్టం. మేం గ్యాస్ మీదే వండుకునీవోళ్ళం. మీ తాతగారు హార్బర్లో స్టోర్ కీపరు, తెలుసు కదా, ఆయనకి పొగంటే దగ్గు. ఈ దీవులకి సిలిండరంటే ఆ రోజుల్లో ఓడ మీద రావాల, ఓడ రాకపోతే ఇంటింటికీ తిరిగి అడుక్కోవడవే... సరే, అదలా ఉంచు.

క్రిస్మస్ మర్నాడు, ఆదివారం పొద్దున్నే భూమి ఊగింది. నిలబడలేకపోయేం. తర్వాత సముద్రం వచ్చింది. మా మెట్ట దాకా రాలేదు గానీ, కింద రేవు దగ్గర మీ తాతగారి చెల్లెలు సువార్త ఇంట్లోకి పీకల్లోతు వచ్చీసింది. మొగుడు పోయేక కుట్టుమిషను పెట్టుకుని బతికీది, ఒక్కర్తీ. ఏం పట్టుకుని బయటపడిందో, తడిసి ముద్దై మా గుమ్మంలో నిలబడి "వొదినా, మిషను పోయింది" అన్నాది. ప్రాణం దక్కింది కదే పిచ్చిదానా అని కావలించుకున్నాను.

కరెంటు లేదు. సిలిండరు నిండుకుంది. మీ తాతగారు రిలీఫ్ సామాన్ల డ్యూటీ అని ఇంటి మొహమే చూడలేదు. భూమి చూస్తే ఆగకుండా ఊగుతానే ఉంది. దొరికే నీళ్ళు బురద నీళ్ళు, కాచకుండా తాగలేం. అందుకని ఆ పెద్ద పొయ్యి వెలిగించేను.

మంగళవారమో... కాదు, బుధవారం అనుకుంటాను. వాకిట్లో కూచుని లాంతరు తుడుస్తన్నాను. దాని గాజు భూకంపానికి బీటేసింది. మన ఇళ్ళల్లో ఆ గాజునే కదా చిమ్నీ అంటాం. పక్కింటి కప్పు మీద మేస్త్రీ రేకులు సరిచేస్తన్నాడు, రాంచీ వైపు మనిషి, మా ఇంటి పనులూ అతనే చేసీవాడు. అక్కణ్ణుంచి కేకేసేడు, "దీదీ, చిమ్నీ ఫట్ గయా. జలానా మత్." చిమ్నీ పగిలింది, వెలిగించకు అని. నేను చేతిలో లాంతరు పైకెత్తి చూపించి, "హా భయ్యా, మాలూమ్" అన్నాను, నాకు తెలుసులే అని. నాకు హిందీ బాగా వచ్చని మహా గొప్పలే అప్పట్లో. అతను తలూపి తన పనిలో పడిపోయేడు.

హిందీలో పొగ్గొట్టాన్ని కూడా చిమ్నీయే అంటారని నాకేం తెలుసు. అబర్డీన్ బజారు దాకా నడిచెళ్ళి, తిరిగి తిరిగి, కొత్త గాజు తెచ్చి లాంతరుకి తగిలించేను. ఇంక భయం లేదనుకున్నాను.

సువార్త పొయ్యి వెనకాల చిన్న గదిలో పడుకునీది. గోడ వెచ్చగా ఉంది వొదినా, ఒళ్ళు నొప్పులకి హాయిగా ఉంది అనీది. ఆ గోడకి నల్ల చార దిగింది. లాంతరు మసి కాబోలు అనుకున్నాను. పొయ్యిలో ఇటుక పొడి రాలీది. భూమి ఊగుతంది కదా, రాలదా మరి అనుకున్నాను. దానికి రోజూ తలనొప్పి, కడుపులో తిప్పు. ఏడ్చి ఏడ్చి తెచ్చుకుంటన్నావు, ఇంక ఊరుకోవే అని కసిరేను. కసిరేనమ్మా దాన్ని.

ఓ మధ్యాహ్నం వాన పట్టుకుంది. జల్లు కొడతందని కిటికీ, తలుపు మూసుకుని పడుకుంది. నేనిటు పక్క కట్టెలు ఎగదోసి నీళ్ళు కాస్తన్నాను, లేచేసరికి దానికి తలంటు పోద్దామని. నీళ్ళు కాగేయి, పిలిచేను. పలకలేదు. తలుపు తీసేసరికి పొగ వాసన, అదీ పెద్ద పొగ కాదు, పల్చగా. మొహం నిద్దరోయినట్టే ఉంది. అంత సముద్రంలోంచి బతికొచ్చిన మనిషి, నేను రాజేసిన పొయ్యికి పోయింది.

మట్టి చేసి వచ్చేక మేస్త్రీ వచ్చి గోడ తవ్వి చూపించేడు. లోపల గొట్టం సువార్త గది వైపు చెయ్యి దూరేంత చీలి ఉంది. పైన పగులు కప్పు మీంచి ఆవేళే చూసేనన్నాడు. మీ తాతగారు కోపం పట్టలేక, నీ కళ్ళకి ఇంత కనిపిస్తే ముందే ఎందుకు చెప్పలేదు అని అతన్ని నిలదీసేరు. అతను నా కేసి చూసేడు. నేనన్నాను, "మనకేం చెప్పలేదండి" అని.

అలా అన్నాను.

తర్వాత మన తెలుగువాళ్ళెవరూ అతన్ని పనికి పిలవలేదు. కొన్నాళ్ళకి పెళ్ళాంపిల్లల్తో ఎటో వెళ్ళిపోయేడు. మీ తాతగారు పోయీదాకా అతన్ని తిట్టుకుంటూనే ఉన్నారు, నేను వింటూనే ఉన్నాను. దేవుడితో చెప్పుకున్నాను, ప్రతి ఆదివారం చెప్పుకున్నాను. మనిషితో చెప్పడం ఇదే మొదలు.

నువ్వు ఎవరైనా మేస్త్రీని ఆ గొట్టం పైకెక్కించి చూపించుకో. వాళ్ళేటన్నారో నీకు బోధపడీదాకా మళ్ళీ మళ్ళీ అడుగు, సిగ్గుపడకు. చల్లగా ఉండాల తల్లీ నువ్వు, నిండు నూరేళ్ళూ...

ఏటీ? అతని పేరా? పన్నెండేళ్ళు మా ఇంటికొచ్చేడు, నా చేతి టీ తాగేడు. పేరు... భయ్యా అనీదాన్నమ్మా. ఎప్పుడూ అడగనే లేదు.