ఎడమ మూల మరక

హోండురాస్‌లో ఒక ఊరి బడి. సెలవులు ముగిసి తెరిచిన రోజు. తొమ్మిదో తరగతి గదిలో అందరూ ‘ప్రొఫే’ అని పిలిచే లెక్కల మేష్టరు విల్ఫ్రిదో, బడి ఊడ్చే యులోహియా.

“గదంతా సారా కంపు. తాగొచ్చావా?”

“తాగితే ఈ తెల్లబోర్డుకెక్కడ మిగులుద్ది, ప్రొఫే? ఈ చెరకు సారాకే పాత మార్కర్ సిరా వదుల్తుంది. దుకాణం స్పిరిట్ సగం నీళ్ళే.”

“వదల్లేదుగా. ఎడమ మూల మరక అలాగే ఉంది. చేతకాక సారా పోశావు.”

“ఆడలేక మద్దెల ఓడన్నాట్ట. అక్కడ ఇనుప పీచుతో గీకిందెవరు?”

“నేనే. నిన్న వచ్చి గీకా. అయితే?”

“గీకితే పైన తళుకు ఊడిపోద్ది. సిరా లోపలికి దిగుద్ది. అసలు పరీక్షవగానే చెరిపేసుంటే సరిపోయేది. రెండు నెలలు వదిలేసి పోయారు.”

“చీపురు పట్టేదానివి, నాకు పాఠాలు చెప్పకు. పదింటికి ఇన్‌స్పెక్టరమ్మ వస్తోంది. ఈలోపు అది పోకపోతే బోర్డు పాడుచేసింది నువ్వేనని రాసిస్తా. నీ ఉద్యోగం ఊడుతుంది.”

“రాయండి. మీకు రాయడం బాగా వచ్చు. ఒకటి సి, రెండు ఎ, మూడు డి...”

“ఏంటది?”

“ఇక్కడుందిగా. నలభై దాకా ఉంది. నాకూ అక్షరాలొచ్చు, ప్రొఫే.”

“అవి... అవి పిల్లలు కూర్చునే వరసలు.”

“స్కాలర్‌షిప్ పరీక్ష రోజున?”

“యులోహియా.”

“ఈ గదిలో అందరికీ నలభైకి నలభై. పక్క గదిలో నా మనవరాలు దాయానా సొంతంగా రాసి ముప్పై ఏడు తెచ్చుకుంది. సీటు పోయింది. ఇప్పుడు కాఫీ తోటలో పళ్ళు కోస్తోంది.”

“దాని బుర్రకి అదే ఎక్కువ.”

“ఏమన్నారు?”

“ఏం లేదు. వచ్చే ఏడు చూద్దాంలే. ముందు అది తుడువు. దోన్యా యులోహియా, కాస్త తుడవండి.”

“దోన్యా అని గౌరవం, పైగా అండి కూడానా? ఇరవై ఏళ్ళలో మొదటిసారి.”

“ఎగతాళి తర్వాత. ఆ డబ్బాలో ఏంటి?”

“కారుకి పూసే మైనం. బోర్డు అరిగితే శుభ్రంగా కడిగి, ఆరాక ఇది రుద్దాలి. మళ్ళీ నున్నగా అవుద్ది.”

“మరి రుద్దండి. జీపు ఆగింది, వినపడటం లేదా?”

“ఆ మూల పొద్దున్నే రుద్దేశాను, ప్రొఫే. కడక్కుండా, మరక మీదే. మైనం కింద పడిన సిరా ఇక సారాక్కూడా రాదు. రండి, ఇన్‌స్పెక్టరమ్మగారూ. తొమ్మిదో తరగతి ఇదే.”