మా అన్న చెప్పిన బండి నెంబరు

ఉప్పలవాగు దాటాక రోడ్డు వంపు తిరిగే చోట ఒక చింతచెట్టు, దాని కింద పాడుబడ్డ మోటబావి ఉన్నాయే, ఆ సంగతి చెప్తున్నా. పట్టపగలైనా సరే బస్సులన్నీ హారన్ కొట్టుకుంటా పొయ్యే చోటు అది. ఆ చెట్టు కాయలు ఎవరూ కొయ్యరు. రాలినవి రాలినట్టే టైర్ల కింద నలిగి, తారుకి నల్లగా అతుక్కుపోయి ఉంటాయి. చింతపండు లేక పక్కింటికి గిన్నె పట్టుకుని పొయ్యే ఆడవాళ్ళు కూడా ఆ చెట్టు వంక తలెత్తి చూడరు. ఎందుకత్తా అని మొన్న ఈ పిల్ల, కొత్తగా కాపరానికొచ్చింది గదా, నన్ను అడిగింది. తెలిసినోళ్ళు కాసేపు ఊరుకోండి, తెలియనోళ్ళు దగ్గరికి జరగండి, నా గొంతు పెద్దగా లేవదు.

ఇది ఎవరింటి కథో కాదు, మా ఇంటిదే. చెంచయ్య అని నాకు ఒకడే అన్న. ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు బస్సు తోలాడు, ఒక్కసారి కూడా ఎవరికీ తగిలించలేదని డిపోలో శాలువా కప్పి పంపించారు. రిటైరై ఊరికొచ్చాక మా వీధి చివర ఇల్లు కట్టుకుని ఉండేవాడు. నా కొడుకు మాల్యాద్రి మీ అందరికీ తెలుసు. వాడికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఆ మేనమామే. ఆ రోజుల్లో మావాడు ఇస్కూలు ఆటో తోలేవాడు. మన ఊరి పిల్లల్ని, పక్క పాలెం పిల్లల్ని పొద్దున మండలంలో బడికి దించి, సాయంత్రం మళ్ళీ తెచ్చేవాడు.

ఇంక రోశమ్మ సంగతి. రోశమ్మ మన ఊరి కోడలే. గేదెలకి గడ్డి కోసుకుని నెత్తిన మోపు పెట్టుకుని ఆ మలుపులో నడిచి వస్తుంటే, వానాకాలం సాయంత్రం పూట, ఇంకా పొద్దు గూకలేదు, ఒక లారీ వచ్చి గుద్దేసి పోయింది. ఆపలేదు. మనిషి అక్కడే పోయింది, గడ్డి మోపు మాత్రం చెక్కుచెదరకుండా బావి గట్టు మీద నిలబెట్టినట్టు పడి ఉందంట. లారీ ఎవరిదో తెలియలేదు. ఆ లారీ వెనకాలే బస్సు ఉంది, ఆ బస్సు తోలింది మా అన్న. రోశమ్మ మొగుడు మూడు రోజుల తర్వాత మా అన్న దగ్గరికొచ్చి, అన్నా, లారీ నెంబరు ఏమన్నా కనపడిందా అని అడిగాడంట. వాన కదయ్యా, అద్దం మీద ఏమీ కనపడలేదు అని మా అన్న చెప్పాడు. పాపం ఆ మనిషి సరేనని చేతులు జోడించి పోయాడు.

కనపడింది. అంకె అంకె కనపడింది. ఈ సంగతి మా అన్న నాకు చెప్పింది ఎప్పుడనుకున్నారు, ఇరవై రెండేళ్ళ తర్వాత. ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్తాడు. కోర్టు చుట్టూ తిప్పుతారని భయం, డ్యూటీ పోతుందని భయం, ఆ లారీ వాళ్ళు మనుషుల్ని పంపుతారని భయం. మీరైతే చెప్పేవాళ్ళా? ఏమో, నేనైతే నన్ను నేను నమ్మను.

ఆ రిటైరైన ఏడు ఎండాకాలం మొదట్లో, బళ్ళకి ఇంకా ఒంటిపూట పెట్టలేదు. మా అన్నకి సాయంత్రం పూట నడిచే అలవాటు, బడి వదిలే వేళకి ఆ మలుపు దాకా పోయి వెనక్కి వచ్చేవాడు. ఒకరోజు చూస్తే రోడ్డు మీద నీటి చుక్కలు, మనిషి నడిచినంత దూరం వరసగా. వాన పడి మూడు నెలలైంది, బావిలో చుక్క నీళ్ళు లేవు, మరి ఈ తడి ఎక్కడిదని అనుకుంటా వచ్చేశాడు. మర్నాడు అదే చోట ఒక ఆడమనిషి నెత్తిన పచ్చిగడ్డి మోపుతో నిలబడి ఉంది. గడ్డి మొహం మీదకి వేలాడుతోంది, మొహం కనపడదు. గడ్డి కొసల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె, అన్నా, మోపు బరువుగా ఉంది, కాస్త దించవా అంది. మన పల్లెల్లో ఎవరైనా అడిగే మాటే గదా అది. మా అన్న చెయ్యి ఎత్తబోయాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఎండాకాలంలో పచ్చిగడ్డి ఎక్కడిదని. ఇంక వెనక్కి చూడకుండా వచ్చి మంచమెక్కాడు, రెండు రోజులు జ్వరం. నేనే జావ కాచి పట్టుకుపోయా, ఎండదెబ్బ అనుకున్నా.

జ్వరం తగ్గిన సాయంత్రం, ఆ మనిషి బుద్ధేందో, మళ్ళీ అక్కడికే పోయాడు. పోకుండా ఉండలేకపోయాను పిచ్చమ్మా అన్నాడు తర్వాత నాతో. పోతే ఆమె ఉంది. ఈసారి ఆయన్ని చూడటం లేదు, రోడ్డు వంక చూస్తోంది. అంతలో మావాడి ఆటో వచ్చింది. ఐదుగురు కూర్చునే బండిలో పంతొమ్మిది మంది పిల్లలు, మావాడికి అటొకడు ఇటొకడు, వెనక బ్యాగులు వేలాడుతున్నాయి. మావాడి తల గుండెల మీదకి వాలిపోయి ఉందంట. నిద్ర. రాత్రుళ్ళు రొయ్యల చెరువులకి మేత బండి తోలేవాడు, పగలు పిల్లల బండి, రెండో ఆటో కొనాలని వాడి ఆశ. మలుపు తిరగాల్సిన బండి తిరగలేదు, తిన్నగా బావి మీదకే పోతోంది. ఆ ఆడమనిషి నడుచుకుంటా పోయి బావికి, బండికి మధ్యన నిలబడింది. ఏమైందో, బండి ఒక్క కుదుపు కుదిపి ఆగింది. ముందు చక్రానికి, బావికి మధ్య జానెడు లేదు. ఆ బావికి గట్టు ఎప్పుడో కూలిపోయింది, మీకు తెలుసు గదా. పిల్లలు ఏడుస్తుంటే మావాడు కళ్ళు నులుముకుని, ఏం కాలేదు, గుంత అడ్డమొచ్చింది అని నవ్వి, బండి వెనక్కి తీసి పోనిచ్చాడు.

మా అన్న అట్నుంచి అటే మా ఇంటికొచ్చాడు. నేను కల్లంలో మిరపకాయలు ఏరి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నా. మొత్తం చెప్పాడు, రోశమ్మ సంగతి కూడా. నేను రోశమ్మ మాట విననే లేదు, నా కొడుకు మాటే పట్టుకున్నా.

"వాడు పదేళ్ళ నుంచి తోలుతున్నాడన్నా, ఎవరికైనా గీత పడిందా?" అన్నాను.

"పడితే ఇప్పుడు పంతొమ్మిది మందికి పడుద్ది పిచ్చమ్మా. వాణ్ణి రాత్రి బండన్నా మానెయ్యమను, పగటి బండన్నా మానెయ్యమను."

మాల్యాద్రి లోపలి నుంచి తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. వాడికి మేనమామంటే చనువు.

"మామా, నీలాగా తోలితే పిల్లలు బడి వదిలాక బడికి చేరతారు," అన్నాడు నవ్వుతా.

మా అన్న నవ్వలేదు. "నువ్వు నిద్రపోయావురా. నేను చూశాను."

"రెప్ప మూశానంతే. నువ్వు మూయలేదా ఎప్పుడూ?"

మా అన్న అది విని చెప్పులేసుకుని పోయాడు. నేను వాకిట్లో నుంచి, పెద్దోడివయ్యావు, దెయ్యాల మాటలు చెప్పి పిల్లోడి పొట్ట కొట్టొద్దన్నా అని కూడా అన్నాను. అన్నానండీ, దాచేదేముంది.

తర్వాత మూడు రోజులు ఆయన నడకకి పోలేదు. పోకపోతే ఏం, ఆమే వచ్చింది. ఆయన వాకిట్లో చుక్కలు, అరుగు మీద తడి, వసారా దూలం కింద పచ్చిగడ్డి పరక. మా వదిన ఊడ్చి పారేసి, ఈ గడ్డి ఎక్కడిదని ఆయన్నే అడిగిందంట. నాలుగో రోజు సాయంత్రం, దీపం పెట్టే వేళ, గుమ్మం బయట నిలబడి ఆమె అడిగింది. మోపు దించమని కాదు. చెంచయ్యన్నా, ఈ నెంబరు కూడా కనపడలేదంటావా అంది. అంతే అంది.

ఆ మాట చాలు గదా. తెల్లారి తొమ్మిది గంటలకి మా అన్న పోలీసు టేషన్లో ఉన్నాడు. అక్కడున్న కానిస్టేబులు, మేనల్లుడంటున్నావు, ఇంట్లో కూర్చోబెట్టి చెప్పుకోవచ్చు గదా పెద్దాయనా, ఊళ్ళో మొహం ఎట్టా చూపిస్తావ్ అన్నాడంట. ఇంట్లో చెప్పాను సార్, వినలేదు అన్నాడు మా అన్న. ఎస్సై కుర్చీ వేయించి, కాగితం ఇచ్చి రాయమన్నాడు. మా అన్న ఆటో నెంబరు రాశాడు, పిల్లలు ఎంతమందో రాశాడు, నిద్రపోయిన సంగతి, బావి సంగతి రాశాడు. రాసి, కింద ఇంకో నెంబరు రాశాడు. ఇదేంది అని ఎస్సై అడిగితే, రోశమ్మ అనే మనిషిని గుద్దిన లారీది సార్, ఇరవై రెండేళ్ళయింది అన్నాడు.

ఎస్సై, ఆ బండి ఈపాటికి తుక్కు కింద పోయుంటుంది, కేసు ఎప్పుడో మూసేసి ఉంటారు, ఇప్పుడు రాసి ఏం లాభం అన్నాడు.

"లాభం కోసం కాదు సార్. నాకు కనపడిందని కాగితం మీద ఉండనీయండి," అన్నాడు మా అన్న.

ఆ సాయంత్రమే మలుపు రాకముందే పోలీసులు ఆటో ఆపారు. పిల్లల్ని ఒక్కొక్కర్ని దించి లెక్కపెట్టారు. మాల్యాద్రి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయంట, నిలబడి మాట్లాడుతూ మాట్లాడుతూనే తూలాడంట. ఆటో టేషన్‌కి పోయింది, లైసెన్సు తీసేసుకున్నారు, వాణ్ణి కూడా కూర్చోబెట్టారు. పిల్లల తల్లులు కొందరు మా ఇంటి మీదకొచ్చారు, కొందరు మా అన్న ఇంటి మీదకి పోయారు, రేపట్నుంచి మా పిల్లలు బడికెట్టా పోవాలని. నేనైతే వీధిలో నిలబడి, నాకు అన్న లేడని చెప్పేశాను. అందరూ విన్నారు. ఆయనా విన్నాడు, తలుపు దగ్గరే ఉన్నాడు.

మర్నాడు నా కొడుక్కి అన్నం పట్టుకుని టేషన్‌కి పోయి, సాయంత్రం వస్తుంటే బస్సు దొరకలేదు. ఒక్కదాన్నే నడిచొస్తున్నా. కోపం ఎంత ఉందంటే, ఆ మలుపు వచ్చిందని కూడా చూసుకోలేదు. అక్కా అని పిలుపు వినపడింది. తలెత్తితే మోపు నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది. అక్కా, కాస్త దించవా.

నేను పారిపోయానని చెప్తాననుకున్నారా. కాళ్ళు రాలేదమ్మా. ఎందుకో చేతులు వాటంతట అవే పైకి లేచినయ్. గడ్డి ముట్టుకుంటే మంచులాగా ఉంది. మోపు నా చేతుల్లోకి వచ్చింది, ఆ బరువు గడ్డి బరువు కాదు. నిద్రపోయిన పిల్లని ఎత్తుకుంటే మీద పడుద్దే, ఆ బరువు, ఒక్కరిది కాదు, చాలామందిది. నడుము వంగిపోయి బావి అంచు దాకా పోయి కింద పెట్టాను. పెట్టేటప్పుడు బావిలోకి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

నీళ్ళున్నాయి. ఎండిన బావిలో నిండా నీళ్ళు, నీళ్ళ మీద ఇస్కూలు బ్యాగులు తేలుతున్నాయి, నీళ్ళ బాటిళ్ళు, తెల్ల రిబ్బన్లు. ఒక చిన్న బూటు గోడకి తగిలి తిరుగుతోంది. వాటి మధ్యన నా కొడుకు తువ్వాలు. కళ్ళు మూసుకుని తెరిస్తే బావి ఎండిపోయి రాళ్ళు తేలి ఉంది, మోపు లేదు, ఆమె లేదు. నా రవిక ముందంతా తడి.

నేను మా ఇంటికి పోలేదు, తిన్నగా మా అన్న ఇంటికి పోయాను. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదని మా వదిన కళ్ళు ఒత్తుకుంది. క్షమించమని నేను అడగలేదు, మాకు ఆ అలవాటు లేదు. కంచంలో అన్నం పెట్టి, పప్పు కలిపి, లేచి తిను అన్నాను. ఆయన లేచి నా రవిక వంక, తడి వంక చూశాడు. కంచం దగ్గరికి లాక్కుని తిన్నాడు.

మాల్యాద్రికి లైసెన్సు ఆరు నెలలు ఆపారు, కోర్టుకి రెండుసార్లు పోయొచ్చాడు. మేనమామతో రెండేళ్ళు మాట్లాడలేదు. బావి సంగతి నేను చెప్పాను, నమ్మాడో లేదో. ఇప్పుడు బండి తోలుతున్నాడు, రాత్రి నిద్ర లేకపోతే తాళం తీసి నా చేతికిస్తాడు. మా అన్న పోయి నాలుగేళ్ళు. ఆ పంతొమ్మిది మందిలో ఇద్దరు ఇప్పుడు ఇక్కడే కూర్చుని నా కథ వింటున్నారు, వాళ్ళకి ఆ కుదుపు కూడా గుర్తుండదు.

రోశమ్మ పోయిందా అంటారా? ఎక్కడికి పోతుంది, ఆ లారీ దొరకలేదు గదా. మోపు లేకుండా నిలబడుతోందని గొర్రెలు కాసేవాళ్ళు చెప్తారు. అందుకని ఆ చెట్టు కిందకి పోవద్దు, నీడ బాగుందని బండి ఆపొద్దు. పోయినా, ఆమె ఏమన్నా అడిగితే, కనపడలేదని మాత్రం చెప్పబాకండి.